అట్ట మీద అందరం

మా అన్న మారెప్పా నేనూ మళ్ళీ పక్కపక్కన నిలబడింది ఒక సీడీ పెట్టె అట్ట మీద. అప్పటికే ఆయన చనిపోయి చాలా ఏళ్ళయింది. నాతో మాట్లాడటం మానేసింది ఇంకా ముందే.

అది రెండువేల తొమ్మిది, చింతపండు కాలం. తమిళనాట, ధర్మపురి పక్కన నల్లంపల్లిలో మా మిద్దె మీద పండు ఎండుతుండేది. కింద వసారాలో నేనూ, కోడలు అలమేలుమంగా కూర్చుని చిన్న సుత్తెతో కొట్టి గింజలు తీసేవాళ్ళం. లోపల, పాత చింతపండు బస్తాలు వేసుకునే గదిలో, నా మనవరాలు సుగన్య కంప్యూటర్ ముందు కూర్చునేది. వెలుతురులో మేము, చీకట్లో అది. కాలేజీ చదువు ముగించి వచ్చి ఏడాదిగా ఆ గదిలో ఒక ఆట తయారుచేస్తోంది. కంప్యూటర్‌లో ఆడుకునే ఆట. దాన్ని అమ్మవచ్చునట. అలా ఒంటరిగా తయారుచేసి అమ్మేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారట.

"ఉంటే ఉండనీ," అన్నాడు నా కొడుకు మోహన్‌రాజ్. "వైకాశి నెల ముగిసే లోపల దారి కనబడల్ల. లేకపోతే హోసూరు కంపెనీలో చెప్పి పెట్టినాను. హాస్టలు కూడా వాళ్ళదే."

వాడు కఠినుడు కాడు. కూతురి భవిష్యత్తు గురించి భయం, అంతే. ఆ భయం నా దగ్గర నుంచి వచ్చిందే. కానీ హాస్టలు అన్న మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం దిగలేదు. ఈ ఇంట్లోంచి ఎవరు బస్సెక్కినా వెనక నిలబడి బస్సు నంబరు చదివి, వాళ్ళు తిరిగొచ్చేదాకా నోట్లో అనుకుంటూ ఉండే మనిషిని నేను. అసలు నేను చదవడం నేర్చుకున్నదే బస్సు బోర్డుల మీద. తమిళం అలా వచ్చింది. తెలుగు అక్షరాలు మా అత్త పెట్టెలో ఉన్న పాత భజన పుస్తకంలో వేలు పెట్టి, నోటికి వచ్చిన పాటతో పోల్చుకుంటూ పట్టుకున్నాను. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు గాని చదివేది నేనొక్కదాన్నే.

ఆట పూర్తయిన రోజు సుగన్య నన్ను గదిలోకి పిలిచింది.

"రా అవ్వా, ఇట్ల కూర్చో. దీన్ని పట్టుకో."

"ఇది ఎలుక కదా? కరుస్తుందా?"

"నువ్వు కరవకుండా ఉంటే చాలు."

చెవులకు ఏదో తగిలించింది. తెర మీద చూస్తే అంతా తెలుపు.

"ఏమీ కనపడలేదే!"

"కనపడదు. వత్తల్‌మలై కొండ మీద మంచు దిగింది. నీ మేకలు తప్పిపోయినాయి. పొద్దుగూకేలోపల అన్నీ తోలుకు రావల్ల. చెవి పెట్టి విను."

ఎక్కడో దూరంగా గంట మోగింది. మేక మెడలో గంట. ఎడమ వైపు ఒకటి, ఇంకా పైన ఒకటి. నేను తొందరగా అటు పోనిచ్చాను. రాళ్ళ మీద నా అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"ఉరకద్దు అవ్వా. ఉరికితే నీ కాళ్ళ సద్దే వినిపిస్తుంది. నిలబడితేనే గంట."

ఆ మాట దానికి చెప్పింది నేనే, చిన్నప్పుడు, కథగా. నాకు చెప్పింది మారెప్ప. మా పుట్టిల్లు వత్తల్‌మలై అడుగున. ఇద్దరం కలిసి మేకలు తోలేవాళ్ళం. మంచు దిగితే నేను ఏడుస్తూ పరిగెత్తేదాన్ని. ఆయన నా రెక్క పట్టుకుని నిలబెట్టేవాడు.

నిలబడ్డాను. గంట వినబడింది. మంచులోంచి ముందు తడి ముక్కు, తర్వాత చెవులు, తర్వాత మేక బయటికి వచ్చాయి. అలా ఒక్కొక్కటే వచ్చాయి. ఆఖరున మిగిలింది కుంటి మేక. దాని గంట పగిలింది, సరిగా మోగదు. సుగన్య దానికి మూకాయి అని పేరు పెట్టింది. దాని కోసం చాలాసేపు నిలబడవలసి వచ్చింది.

"ఎందుకవ్వా ఏడుస్తావు? ఓడిపోయినావా?"

"లేదే. దొరికింది."

ఇది ఎవరు ఆడినా ఇష్టపడతారని నేను నమ్మాను. ఇప్పుడూ నమ్ముతున్నాను. కానీ ఆడాలంటే ముందు చేతిలోకి తీసుకోవాలి కదా.

మోహన్‌రాజ్‌కు ధర్మపురి బస్టాండు దగ్గర ఫ్లెక్సు షాపు. కల్యాణం, చెవులు కుట్టడం, పెద్దల వర్ధంతి, కట్చి, అంటే పార్టీ, నాయకుల పుట్టినరోజు, ఏది జరిగినా ఊరి నిండా నిలబడే రంగుల బోర్డులు వాడు అచ్చువేసినవే. ఆ ఏడాది ఎలక్షన్లు. బోర్డుల మీద ఆంక్షలు ఎక్కువై షాపు ఖాళీగా ఉంది. "సీడీ పెట్టె మీద అట్ట నేనేస్తాను, నువ్వు పలకద్దు," అన్నాడు కూతురితో. చేతిలో పని లేనివాడికి ఆ పని దొరికినందుకు ముఖం వెలిగిపోయింది. వారం తిరక్కుండా బండి మీద అట్టపెట్టెలు వేసుకుని వచ్చి, వసారాలో గింజల పక్కనే విప్పాడు.

అట్ట మీద పైన, దీపం బొమ్మ మధ్యలో మారెప్ప. ఆయన పక్కనే నేను. మా కింద అందరికన్నా పెద్దగా, తెల్ల చొక్కాతో చేతులు జోడించిన అంజప్ప. అంజప్ప అంటే అలమేలుమంగ అన్న, సుగన్యకు మేనమామ. బి. మల్లాపురంలో మామిడి తోట ఉంది. ఆయన వెనక గాండ్రించే పులి. ఇటూ అటూ మోహన్‌రాజ్, అలమేలుమంగ. బాణాసంచా, రెండు పావురాలు. అంజప్ప పాదాల దగ్గర తమిళంలో 'వాళ్త వయదిల్లై, వణంగుగిరోం' అని. ఆశీర్వదించే వయసు లేదు, నమస్కరిస్తున్నాం అని అర్థం. నాయకుల పుట్టినరోజులకు వేస్తారు ఆ మాట. అడుగున బంగారు అక్షరాల్లో 'సూపర్ మంద'. వెనక వైపు షాపు ఫోన్ నంబర్లు.

సుగన్య పెట్టెను తిప్పి తిప్పి చూసింది.

"నాయినా, ఆటలో మేకలుండాయి. ఇందులో యాడ?"

"ఇదో!" మూలలో చూపించాడు. గోరంత మేక. బిరియానీ అంగడి బోర్డు కోసం ఎప్పుడో వాడిన మేక అది. నాకు కూడా గుర్తుంది.

"పులి ఎందుకు? ఆటలో పులే లేదు."

"పులి లేకుండా ధర్మపురిలో ఫ్లెక్సు ఎవరు చూస్తారే?"

"మామ ఫోటో ఇంతుండాది. ఆట పేరు ఇంతే ఉండాది."

అలమేలుమంగ సుత్తె కింద పెట్టింది. "కంప్యూటర్ ఎవరు కొనిచ్చినారే? నీ చెవులు ఎవరి ఒళ్ళో కుట్టినారు? మా అన్న ఫోటో చిన్నది చేసి, రేపు ఆయప్ప మన గడప తొక్కకపోతే నువ్వు పోయి పిలుస్తావా?"

సుగన్య నా వైపు చూసింది. నా చూపు పైన దీపం దగ్గరే ఉంది.

మా ఇంట్లో మేనమామ పేరంటే అందరికీ ఒక భయం. మోహన్‌రాజ్‌కు చెవులు కుట్టినప్పుడు అచ్చయిన ఆహ్వాన పత్రికలో, అందరికన్నా పైన ఉండాల్సిన మారెప్ప పేరు, మా ఆయన తమ్ముడి పేరు కింద పడింది. ఎవరూ కావాలని చేసింది కాదు. మారెప్ప గడప దాకా వచ్చాడు. చేతిలో పత్రిక. చెప్పులు విడవలేదు. లోపల ఆయన కోసం వేసిన ఆకు అలాగే ఉంది. వెనక్కి తిరిగి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఎవరి చెవుల పండగలో అది జరిగిందో ఆ పిల్లవాడే పెద్దవాడై, ఊరందరి బోర్డుల మీద మామల ఫోటోలు పైన పెడుతూ బతుకుతున్నాడు. వాడు ఆ అట్ట అలా వెయ్యకుండా ఇంకెలా వేస్తాడు?

చిత్తిరై నెలలో ధర్మపురిలో పొరుట్కాట్చి, అంటే ఎగ్జిబిషన్, పెట్టారు. రంగులరాట్నం, పెద్ద అప్పడాలు, ప్లాస్టిక్ సామాన్లు, వరసగా కొట్లు. అందులో మాకొక కొట్టు. ఒకవైపు అప్పడాలవాళ్ళు, ఇంకోవైపు మునియన్ టెలిఫోన్ బూత్. మునియన్‌కు కళ్ళు లేవు. వేళ్ళతో నంబర్లు నొక్కి ఇచ్చేవాడు. సుగన్య కంప్యూటర్ బల్ల మీద పెట్టింది. వెనక గోడంతా మోహన్‌రాజ్ అట్ట మీది బొమ్మనే పెద్ద ఫ్లెక్సుగా కట్టాడు. ఇంకా బాగుండాలని స్పీకరు పెట్టి నాదస్వరం వేశాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. నా తల వెనక నా తలే, తలుపంత ఉంది.

జనం వచ్చారు. నిలబడ్డారు. ఫ్లెక్సు చదివారు.

"ఎవురి కల్యాణమమ్మా?" అని అడిగింది ఒకావిడ. "కల్యాణం సీడీ కూడా అమ్ముతారా ఇప్పుడు?"

"కల్యాణం కాదక్కా, గేమ్," అంది సుగన్య.

"పెండ్లి పొణ్ణు ఎవరు, నువ్వేనా?"

"అక్కా, గేమ్."

"సరేలే, బాగుండు," అని ఆశీర్వదించి వెళ్ళిపోయింది.

ఒక పెద్దాయన మోహన్‌రాజ్‌ను పక్కకు పిలిచాడు. "ఏ కట్చి?"

"కట్చి లేదయ్యా. ఆట."

"ఓట్లకు ఇప్పుడు ఆటలు కూడా పంచుతారా! మా వీధికి రాలేదే?"

కంప్యూటర్ తెలిసిన పిల్లలు కూడా వచ్చారు. వాళ్ళను చూస్తే సుగన్య కళ్ళు మెరిసేవి. ఒకడు పెట్టె తీసుకుని అడిగాడు. "అక్కా, పులిని ఎట్ల కొట్టల్ల? తుపాకీనా?"

"పులి లేదు. మేకలను వెతకల్ల."

"మరి పులి?"

"ఉత్త బొమ్మ."

వాడు పెట్టె పెట్టేశాడు. వాడి వెనక కళ్ళజోడు పిల్ల ఒకతి తెర మీది మంచును ఓరగా చూస్తూ నిలబడింది. అడగాలనుకుందేమో. అంతలో వాళ్ళమ్మ ఫ్లెక్సు వైపు చూసి, "ఎవరో వాళ్ళింటి వేడుక, మనకెందుకు రా," అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. పులి కోసం వచ్చినవాళ్ళకు పులి లేదు. మేకల కోసం వచ్చేవాళ్ళకు మేకలున్నాయని తెలియదు. నాదస్వరంలో గంటలు ఎవరికీ వినబడలేదు.

రోజులు గడిచేకొద్దీ సుగన్య మాటలు తగ్గాయి. మొదట్లో లేచి నిలబడి పిలిచేది. తర్వాత కూర్చుని పిలిచింది. తర్వాత ఎవరైనా అడిగితేనే చెప్పింది. ఒక సాయంత్రం అప్పడాల కొట్లోంచి వాసన వస్తుంటే అది నాతో అంది. "హోసూరులో క్యాంటీన్ బాగుంటుందంట అవ్వా."

నేను దాని జడ సవరించాను.

ఆ సాయంత్రమే, ఇంకా వెలుతురు ఉండగానే జెనరేటర్ ఆగింది. రంగులరాట్నం ఆగింది, నాదస్వరం ఆగింది. మోహన్‌రాజ్ జెనరేటర్ వాళ్ళ మీద అరవడానికి వెళ్ళాడు. మా కంప్యూటర్‌కు మాత్రం బ్యాటరీ ఉండటంతో అది ఆగలేదు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆ కొట్టులో నిశ్శబ్దం వచ్చింది. ఆ నిశ్శబ్దంలో గంటలు మోగాయి.

"ఎవరమ్మా మేకలు తోలుకొచ్చింది?" బూత్‌లోంచి మునియన్ కేక వేశాడు. "నా బూత్‌లో దూరి వైర్లు నములుతాయి, తోలండి తోలండి!"

సుగన్య నవ్వింది. అది నవ్వి ఎన్ని రోజులైందో. "మేకలు కాదన్నా, కంప్యూటర్!"

"కంప్యూటర్‌లో మేకలా? ఏం తింటాయి?"

అతను గోడ పట్టుకుని వచ్చాడు. సుగన్య స్టూలు జరిపి, అతని వేళ్ళు నాలుగు మీటల మీద పెట్టింది. ముందుకు, వెనక్కు, ఎడమ, కుడి. అతనికి నిలబడమని నేను చెప్పవలసిన పని రాలేదు. మొదటి నుంచీ ఆటలో నిలబడి నిలబడి పోయాడు. తల కొంచెం వంచి వినేవాడు. మేక వచ్చి అరిచినప్పుడల్లా "ఆ, రా తల్లీ," అనేవాడు. బ్యాటరీ కీచుమంది.

"ఇంకొకటి ఉండాదే," అన్నాడు తొందరగా. "గంట పగిలింది ఒకటి. కుంటిదా అది? పైన యాడో..."

తెర ఆరిపోయింది. అతను కాసేపు అలాగే చెవి పెట్టుకుని ఉన్నాడు.

"అది అక్కడే ఉంటుందా పాపా?"

"ఉంటుందన్నా. రేపు రా."

"ఇన్ని దినాలు పక్కనే ఉండి తెలియలేదు చూడు. ఆ నాదస్వరం విని, ఎవరో కల్యాణం సీడీలు అమ్ముతా ఉండారనుకున్నా." పెట్టె కోసం చెయ్యి చాపాడు. తడిమి నాకిచ్చాడు. "దీని మీద ఏమి రాసినారు? సదువమ్మా."

చదవమని నన్ను అడిగేవాళ్ళు తక్కువ. నేను కళ్ళజోడు సరిచేసుకుని పై నుంచి చదివాను.

"అమరుడు మారెప్ప ఆశీస్సులతో. శ్రీమతి నంజమ్మ, అది నేనే. తాయ్‌మామన్, అంటే మా పాప మేనమామ, బి. మల్లాపురం అంజప్ప. వాళ్త వయదిల్లై, వణంగుగిరోం. మోహన్‌రాజ్, అలమేలుమంగ. సూపర్ మంద."

"ఇంకా?"

"వెనక ఉండాది. ఇచ్చట ఫ్లెక్సు, విజిటింగ్ కార్డు, పత్రికలు తక్కువ సమయంలో..."

"ఇంకా?"

"అంతే."

మునియన్ నవ్వలేదు. వెక్కిరించలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"ఇంటి నిండా మనుషులు, సంతోషమమ్మా. మేకలు యాడ?"

మోహన్‌రాజ్ తిరిగి వచ్చి మా వెనక నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచో నాకు తెలియదు. కరెంటు వచ్చింది. స్పీకరులో నాదస్వరం మళ్ళీ ఎత్తుకుంది. వాడు వంగి ఆ తీగ ఊడబెరికాడు.

ఇంటికి పోయే బస్సులో వాడు నా పక్కన కూర్చున్నాడు. సుగన్య ముందు సీట్లో అద్దానికి తల ఆనించి ఉంది.

"అట్ట మార్చల్లమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నాకు తెలుస్తా ఉండాది. పిలకాయి కూడా మొదట్లోనే చెప్పింది. కానీ అంజప్ప బావ ఫోటో నేను ఎట్ల తీసేది? మళ్ళీ అదే కావల్నా మన ఇంటికి?"

ఆ 'అదే' ఏమిటో వాడు చెప్పలేదు.

ఆదివారం అంజప్ప వచ్చాడు, తోటలో తొలి మామిడికాయలు సంచిలో వేసుకుని. కూర్చోకముందే పెట్టె అడిగి తీసుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"మా ఊర్లో అందరికీ చూపించినాను. బస్టాపులో కూడా ఇదే ఒకటి పెద్దది కట్టించినా. 'ఏమి అంజప్పా, ఎమ్మెల్యేకి నిలబడతా ఉండావా' అని అడుగుతారు." నవ్వి నవ్వి దగ్గాడు. "ఏమి పాపా, బాగా పోతా ఉండాయా?"

అలమేలుమంగ ఆకులు వేస్తోంది. సుగన్య మంచినీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మోహన్‌రాజ్ నేల వైపు చూస్తున్నాడు.

"సుగన్యా," అన్నాను నేను. "ముందు నన్ను తీసెయ్యే."

"ఏంటవ్వా?"

"ఆ అట్ట మీద నుంచి. ఈ మొహం చూసి ఎవరు కొంటారు? నన్ను తీసెయ్. నా పక్కన మీ పెద్దతాతను కూడా తీసెయ్."

"అత్తా!" అంది కోడలు.

"ఆయన ఎప్పుడో పోయినాడు కదమ్మా. మేకలకు చోటు కావల్ల."

చేతులు చీర కొంగులో చుట్టుకున్నాను.

అంజప్ప చేతిలో పెట్టె ఉంది. దాని వైపు చాలాసేపు చూశాడు. మారెప్ప సంగతి ఆయనకు తెలుసు. ఈ ఇంటికి సంబంధం కలుపుకునే ముందే ఎవరో చెప్పి ఉంటారు. ఆయన తువ్వాలు భుజం మీద వేసుకుని లేచాడు. బయటికి నడిచాడు. వసారాలో చెప్పుల చప్పుడు వినబడింది.

అలమేలుమంగ చేతిలో అన్నం గరిటె అలాగే ఆగింది. ఆకు ఖాళీగా ఉంది. నేను మళ్ళీ ఆ పాత గడప దగ్గర ఉన్నాను.

బయట తొట్టి దగ్గర ఆయన తాంబూలం ఊశాడు. నోరు పుక్కిలించాడు. చెప్పులు విడిచిన చప్పుడు, ఒకటి, తర్వాత రెండోది. తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు.

"తీస్తే అందర్నీ తీసెయ్యండి అత్తా. నన్నొకణ్ణి మిగిలిస్తే జనం నన్నే మేకనుకుంటారు."

మోహన్‌రాజ్ నవ్వబోయి, తల తిప్పుకున్నాడు.

"అన్నం పెట్టు చెల్లీ, ఏమి చూస్తావు," అన్నాడు అంజప్ప.

ఆయన రసం రెండుసార్లు పోయించుకున్నాడు. మజ్జిగ కూడా తాగాడు. పెట్టె వైపు మళ్ళీ చూడలేదు. పోయేటప్పుడు మాత్రం దాన్ని తీసి సంచిలో వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి మోహన్‌రాజ్‌తో అన్నాడు. "మా బస్టాపులో ఉండేది మాత్రం తీయను బావా. అది ఉండల్ల."

"ఉండనీ బావా. రంగు పోతే కొత్తది వేసిస్తాను."

ఆయన ఎక్కిన బస్సు నంబరు చదివాను. అది కనబడకుండా పోయేదాకా నిలబడ్డాను.

కొత్త అట్ట సుగన్య గీసింది. అంతా తెలుపు. మధ్యలో మంచులోంచి ఒక కొమ్ము, ఒక గంట. పేరు 'మంద' అని, అంతే. వెనక వైపు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ నాలుగు ముక్కలు రాసింది. మీ మేకలు మంచులో తప్పిపోయాయి. యుద్ధం లేదు. నిలబడి వినండి. చూపు లేనివాళ్ళు కూడా ఆడవచ్చు. మోహన్‌రాజ్ షాపులో అచ్చువేసి, అట్టంతా తెలుపే కావడంతో ఇంత సిరా మిగిలిందా అని ఆశ్చర్యపోయాడు. స్పీకరు ఇప్పుడు గంటలకు పెట్టాడు.

పొరుట్కాట్చి ముగియడానికి కొద్ది రోజులే ఉన్నాయి. మునియన్ తన బూత్‌లోంచే పని చేశాడు. "చిల్లర లేదా? పక్కన మేకలు పిలుస్తా ఉండాయి, ఒక ఆట ఆడి రా, అంతలో తెప్పించి పెడతా," అని ఒక్కొక్కరినీ పంపేవాడు. తను మూకాయిని పట్టుకున్న రోజు మొత్తం వరసకు వినబడేలా చప్పట్లు కొట్టాడు. జనం ఆగి విన్నారు. కొందరు కూర్చుని ఆడారు. కొందరు కొన్నారు. ఒకావిడ పెట్టె పట్టుకుని అడిగింది.

"ఇది మొదటి నుంచీ ఇక్కడే ఉండిందా? మేము దినమూ వస్తా ఉండామే!"

"ఇక్కడే ఉండిందక్కా," అంది సుగన్య.

ఇంకొకతను చాలాసేపు ఆడి, లేచి, బాధగా తల ఊపాడు. "నా దోస్తు ఒకడుండాడు. వాడికి ఇట్లాంటివంటే పిచ్చి. రాత్రంతా నెట్‌లో ఇవే వెతుకుతాడు. పోయిన వారం నాతోనే వచ్చినాడు, ఈ అంగడి చూసి నవ్వుకుంటా పోయినాము. మొన్న దుబాయి ఎక్కినాడు."

"ఆయప్పకు నెట్‌లో దొరుకుతుంది, పేరు చెప్పండన్నా," అని సుగన్య కాగితం మీద రాసిచ్చింది. అతను జేబులో పెట్టుకున్నాడు. చెప్పాడో లేదో తెలియదు.

ఆ కుర్రాడి ముఖం నేను చూసి ఉంటాను. మా ముందు నుంచే కదా పోయాడు. కొన్నవాళ్ళ గురించి సుగన్య ఆలోచించేది. నేను మాత్రం ఆ దుబాయి పిల్లవాడి గురించీ, కళ్ళజోడు పిల్ల గురించీ ఆలోచించేదాన్ని. వాళ్ళ కోసమే చేసిన వస్తువు పక్కనుంచి, గడప దాకా వచ్చి, పైన ఏముందో చూసి వెళ్ళిపోయారు. ఎవరి తప్పని చెప్పను? కళ్ళజోడు పిల్ల వస్తుందేమోనని ఆఖరి రోజు కొట్టు విప్పేదాకా దారి చూశాను. రాలేదు.

వైకాశి ముగిసింది. ఆటలు ఎక్కువ అమ్ముడుపోయాయని చెప్పను. కానీ పోవడం ఆగలేదు. నెట్‌లో చూసి ఎక్కడెక్కడి వాళ్ళో అడిగారు. ఎవరో రాసిన ఒక మంచి మాట సుగన్య నాకు చదివి వినిపించి, అర్థం చెప్పింది. హోసూరు మాట ఎవరూ ఎత్తలేదు. ఒక పొద్దున మోహన్‌రాజ్ షాపులో ముందు బల్ల ఒకటి ఖాళీ చేసి తుడిచాడు. "ఇంట్లో కరెంటు నిలకడ లేదు. ఇక్కడ కూర్చుని చేసుకో. పక్కన నా అరుపులుంటాయి, ఓర్చుకోవల్ల," అన్నాడు. అది పొద్దున పోయి సాయంత్రం వచ్చేది. నేను రెండు పూటలా బస్సు నంబరు చదివేదాన్ని. తిరిగొచ్చే బస్సు నంబరు చదవడం నాకు ఆ ఏడాదే అలవాటైంది.

కొట్టులో కట్టిన పెద్ద ఫ్లెక్సును ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. మనుషుల ముఖాలున్నదాన్ని చించకూడదంది అలమేలుమంగ. ఆఖరి విడత చింతపండు ఎండబెట్టడానికి మిద్దె మీద పరవడానికి దాన్నే తెచ్చాను. గట్టి గుడ్డ, వేడికి వంగదు. పండు ముందు పులి మీద పోశాను. తర్వాత పావురాల మీద, నా కొడుకూ కోడలి మీద. అంజప్ప ముఖం మీద పోస్తుంటే నవ్వొచ్చింది, ఆయన చూస్తే ఏమంటాడోనని. పైన దీపం దగ్గర మాత్రం పొయ్యలేదు.

మధ్యాహ్నం దాటాక వత్తల్‌మలై వైపు నల్లగా మూసుకుంది. ఆదివారం కాబట్టి సుగన్య ఇంట్లోనే ఉంది. కింద నుంచి అరిచింది.

"అవ్వా, వాన! అందర్నీ మడిచిపెట్టు!"

పండు గంపలోకి ఎత్తుకున్నాను. ఫ్లెక్సు అంచు పట్టుకుని మడత వేశాను. అది సరిగ్గా మధ్యకు మడతపడింది. నా ముఖం మీదికి మా అన్న ముఖం వచ్చింది. చినుకులు మొదలయ్యాయి. సుగన్య మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినబడుతోంది. ఇంకో మడత వెయ్యకుండా నేను కాసేపు అలాగే నిలబడ్డాను.